నాన్న మంచం మీద పుస్తకాలు

మంగళవారం రాత్రి, పాల్వంచ

ఇవాళ క్లాసులో మేడం నన్ను నిలబెట్టి, టైమ్ ఎలా సర్దుకుంటానో అందరికీ చెప్పమన్నారు. పగలు కాలేజీ, సాయంత్రం పిల్లలకు ట్యూషన్, రాత్రంతా నా చదువు అని గొప్పగా చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు.

రాత్రి ట్యూషన్ ముగించుకుని తిరిగొస్తుంటే బస్టాండులో వెంకన్న బాబాయ్ కనిపించాడు. నాన్నతో పాటే ప్లాంటులో పనిచేస్తాడు.

"మీ నాయిన మస్తు చిక్కిండు బిడ్డా. అందరి నైట్ షిఫ్టులు తనే అడిగి తీసుకుంటుండు. ఏందన్నా గిట్ల అంటే, ఇంట్ల ఒకటే గది, లైటుంటే నాకు నిద్ర పట్టది, ఆర్పితే పిల్ల సదువు ఆగుతది అంటడు."

షిఫ్టులు వారం వారం మారతాయని నాకు తెలియదా? నాన్నది మాత్రం ఎందుకు మారడం లేదని ఒక్కసారైనా అడిగానా? నా టైమ్‌టేబుల్లో అంత ఖాళీ ఎక్కడుంది!

ఇంటికొచ్చేసరికి ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడు. అమ్మని నిలదీస్తే, "నీకు చెప్పొద్దన్నడే" అని అటు తిరిగి కూర కలుపుతూ ఉండిపోయింది.

రోజూ నాన్న మంచం మీదే పుస్తకాలు పరుచుకుంటాను. ఇవాళ తీసి కింద పెట్టుకున్నాను.

అయినా మంచం ఖాళీగానే ఉంది.