తోకచుక్కను చూసిన పిల్ల

విజయవాడ,
ఆదివారం

అన్నయ్యకు,

నాగమణి నమస్కరించి రాసేది. నేను కులాసాగానే ఉన్నాను. నాన్న దగ్గు తగ్గిందా? వదినా పిల్లలూ ఎలా ఉన్నారు? పడవలు వేటకు పోతున్నాయా, ఇంకా గాలిగానే ఉందా?

హాస్టల్ వార్డెన్ పని నుంచి నన్ను తీసేసిన మాట నిజమే. నీకెవరు చెప్పారోగాని సగమే చెప్పారు. నేను పొరపాటున చేసింది కాదు, తెలిసే చేశాను. ఇంటికి వచ్చేయమన్నావు. రాను. ఎందుకో రాస్తున్నాను.

వేసవి ముందు రోజూ సాయంత్రం తోకచుక్క కనిపించేది కదా. బెంజ్ సర్కిల్ లైట్ల మధ్య కూడా మా స్కూలు డాబా మీదికి బాగా కనబడింది. తొమ్మిదో తరగతి పిల్లలకు నేనే చూపించాను. వాళ్ళలో పద్మ అనే అమ్మాయిది పామర్రు దగ్గర పల్లెటూరు. రోజూ దాని బొమ్మ గీసుకునేది. సెలవుల్లో వాళ్ళ నాన్న గుండె ఆగి చనిపోయాడు. జూన్‌లో తిరిగొచ్చిన పిల్ల తలెత్తడం మానేసింది. చీకటి పడితే గదిలోంచి బయటికి రాదు, సరిగా తినదు. ఎన్నోసార్లు అడిగితే చివరికి చెప్పింది.

"నేను రోజూ దాన్ని చూడబట్టే నాన్న పోయాడంట టీచర్. మా మేనత్త అంది."

నాకు చాలా కోపం వచ్చింది. దాన్ని నేనూ చూశాను, సముద్రం మీద మా నాన్నా అన్నయ్యా చూశారు, దేశమంతా చూసింది, మీ నాన్నకు గుండెజబ్బు అని చెప్పాను. విన్నదిగాని నమ్మలేదు.

సెప్టెంబరు పౌర్ణమికి సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చింది. పిల్లలకు చూపిస్తానని కరస్పాండెంట్ గారిని అడిగాను. తల్లిదండ్రులు ఊరుకోరు, డాబాకు తాళం వేసి ఉంచమన్నారు. ఆ తాళంచెవి ఉండేది నా దగ్గరే. తీశాను. ఇష్టమున్నవాళ్ళు రండి అంటే పద్దెనిమిది మంది వచ్చారు. పద్మ మెట్ల మీదే ఆగిపోయింది. నేను చెయ్యి పట్టుకుని లాగలేదు. చంద్రుడు ఇటుక రంగుకు తిరిగేసరికి తనే వచ్చి నా పక్కన నిలబడింది. మళ్ళీ తెల్లబడేదాకా కదల్లేదు.

మర్నాడు క్షమాపణ రాసివ్వమన్నారు.

"జరిగింది రాసిస్తానండీ. తప్పని మాత్రం రాయను" అన్నాను.

వార్డెన్ పని పోయింది, గది పోయింది. సైన్సు చెప్పేవాళ్ళు దొరక్క క్లాసులు మాత్రం ఉంచారు. పటమటలో ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాను. మొదటి వారం ఒక్కదాన్నే తింటూ ఏడ్చాను. ఇప్పుడు లేదు, నిజంగానే లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపు. వాసన వస్తుందని ఇంటావిడకు ముందే చెప్పాను, వండుకుంటానని కూడా చెప్పాను.

దసరా సెలవులయ్యాక పద్మను దింపడానికి వాళ్ళమ్మ వచ్చింది. తిడుతుందేమోననుకుని, తిట్టినా సరేనని ఎదురెళ్ళాను. తిట్టలేదు, ఇంట్లో జరిగింది చెప్పింది. మేనత్త మళ్ళీ అదే మాట ఎత్తితే పద్మ అందరి ముందూ నిలబడి, "నువ్వు చూడలేదా అత్తా? చూసినోళ్ళందరి ఇళ్ళల్లోనూ పోయారా?" అని అడిగిందట. 

అది చెప్పి ఆవిడ నెమ్మదిగా అంది:

"దాన్ని చూడొద్దని పిల్లకి చెప్పలేదని ఇన్నాళ్ళూ నన్ను కూడా అన్నారండీ. నేనూ నిజమే అనుకున్నాను."

ఈ ఉత్తరం నాన్నకు మొత్తం చదివి వినిపించు, ఏదీ దాచొద్దు. నాన్న దీవెన కావాలి నాకు. నానమ్మకు, వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు
నాగమణి