పక్క సీటు బ్రేకు

డ్రైవింగు స్కూలు ఓనరు గారికి, మీ దగ్గర పనిచేసి పోయిన మాస్టారి తల్లి నమస్కారాలు పెట్టి రాసే సంగతి.

నేను పెద్దగా చదువుకోలేదు. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి. మావాడు మూడు రోజుల జ్వరంలో చేతికందకుండా పోయి అయిదు నెలలు. వాడి తెల్లకారు కొత్త మాస్టారికి ఇచ్చారు. ఇచ్చుకోండి. కానీ అది రోజూ పొద్దున్నే మా గుమ్మం ముందు మలుపులో కీచుమని ఆగుతుంది. ఎగిరి దూకుతుంది. మళ్లీ కీచు! నేర్చుకునేవాళ్ల తప్పు కాదు. మాస్టారి కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుందట కదా, ఆయన దాన్ని తొక్కి చంపుతున్నాడు. నా కళ్లముందే నా కొడుకు బండి పీక నొక్కుతుంటే ఎలా ఊరుకోను? ఏదో ఒకటి చెయ్యండి.

ఇట్లు,
మాస్టారి తల్లి

తా.క. మావాడు ఆఫీసరు కావలసినవాడు. మీ దగ్గర చేరి చెడిపోయాడు. ఇది కోపంతో రాయడం లేదు, ఉన్నమాట.

*

అమ్మగారికి నమస్కారాలు.

మీ బాధ అర్థమైంది. రేపటినుంచి ఆ కారు మీ వీధిలోకి రాదు. మార్కెట్టు వెనక దారికి మార్చేశాం. ఇక నిశ్చింతగా ఉండండి.

విధేయుడు,
ఓనరు

తా.క. మీ అబ్బాయి చెప్పులు కారులోనే ఉండిపోయాయి. పంపమంటారా?

*

ఓనరు గారికి, సగం నమస్కారం. మిగతా సగం మీ జవాబు చూశాక.

దారి మార్చమని ఎవరు ఏడ్చారండీ? సరిగ్గా నడపమంటే అసలు కనపడకుండా చేస్తారా? నాలుగు రోజులుగా గుమ్మంలో నిలబడి నా కాళ్లు పడిపోయాయి. పాలవాడి సైకిలు తప్ప ఇంకేమీ రాలేదు. కీచుమంటేనేం, అది మావాడి బండి చప్పుడు! వెంటనే వెనక్కి తిప్పండి. ఆ కొత్తాయన మీద మాత్రం నాకు నమ్మకం లేదు, ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకుంటే తప్ప.

మాస్టారి తల్లి

తా.క. చెప్పులు పంపకండి. ఇంట్లో విప్పరా అంటే విప్పేవాడు కాదు, కారులో ఎందుకు విప్పాడు?

*

అమ్మగారికి నమస్కారాలు.

ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోవాలన్నారు కాబట్టి, రేపు ఏడింటికి కారు మీ గుమ్మం ముందు ఆగుతుంది. వెనక సీట్లో కూర్చుని చూడండి. ఒక్కరోజు.

ఓనరు

తా.క. ఒక్కరోజు.

*

అమ్మగారికి,

ఇవాళ పదకొండో రోజు. ‘ఆపు, తిప్పు, గేరు మార్చు’ అని వెనకనుంచి కేకలేస్తున్నారట. మీకు డ్రైవింగు వచ్చా? నిన్న నేర్చుకోవడానికి వచ్చిన పూలకొట్టు ఆవిడ నడుస్తున్న కారులో స్టీరింగు వదిలేసి, వెనక్కి తిరిగి మీకు రెండు చేతులా దణ్ణం పెట్టిందట! కొత్త మాస్టారు సెలవుచీటీ ఇచ్చాడు. కారణం అన్నచోట ‘వెనక సీటు’ అని రాశాడు.

చెప్పుల సంగతి అడిగారు. చెప్పకూడదనుకున్నాను, ఇప్పుడు చెప్తున్నాను. మీ అబ్బాయి కారెక్కగానే చెప్పులు విప్పి, పక్క సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. బ్రేకు దగ్గర కాలు పెట్టవేమయ్యా అని కేకలేశాను. “కాలు కిందుంటే ఊరుకోదండీ, తొక్కేస్తుంది. వాళ్లెప్పటికి నేర్చుకుంటారు?” అన్నాడు. ఇదెక్కడ నేర్చావంటే నవ్వాడు. “మా ఇంట్లో నా పక్క సీట్లో మా అమ్మ కూర్చుంటుంది లెండి” అన్నాడు.

ఓనరు

తా.క. ప్రేమగానే అన్నాడు.

*

ఓనరు బాబుకి, దీవించి రాసే సంగతి.

నీ ఉత్తరం చదివి ముందు నిన్ను తిట్టాను. తర్వాత వాణ్ణి తిట్టాను. ఇద్దరూ అయిపోయాక ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను.

అవును, ఆఫీసరు పరీక్ష మూడుసార్లు రాయించాను. హాలు గేటుదాకా నేనే లాక్కెళ్లాను. మీ స్కూల్లో చేరాక రోజూ ఆ కారు మా గుమ్మం ముందు ఆపి హారను కొట్టేవాడు, ఎక్కవే అమ్మా అని. ఆఫీసరువై వస్తే ఎక్కుతా అని తలుపు వేసేసేదాన్ని. నాలుగేళ్లు కొట్టాడు. నాలుగేళ్లూ వేశాను.

అందుకని వెనక సీటు పూలకొట్టు ఆవిడకిచ్చి నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. కొత్త మాస్టారు సెలవునుంచి తిరిగొచ్చాక మైదానంలో ఇరవై రోజులు తిరిగాం. ఇవాళ మా వీధిలోకి వచ్చాం. మలుపు దగ్గర మీ కొత్త మాస్టారి కాలు బ్రేకు మీదికి పోతోంది. “చెప్పులు విప్పవయ్యా!” అని కసిరాను. పాపం, బాసింపట్టు వేసుకుని కళ్లు మూసుకున్నాడు. ఎవరూ ఏమీ తొక్కలేదు. కారు దానంతటదే మెత్తగా తిరిగింది.

మా గుమ్మం ముందు నేనే ఆపాను. ఆ సీట్లోంచి మా తలుపు ఎంత బాగా కనపడుతుందో బాబూ! వేసి ఉంది.

హారను కొట్టాను.

ఇట్లు,
నీ కొత్త స్టూడెంటు

తా.క. మలుపులో చెత్తడబ్బాకి కొంచెం తగిలింది. ఎవరైనా అడిగితే మాస్టారు కళ్లు మూసుకున్నాడని చెప్పు. మావాడి చెప్పులు అక్కడే ఉండనీ, పక్కన ఈయనవి కూడా పెట్టించాను.