సునీత చెప్పిన సాక్ష్యం

మంగళవారం, తిరుమలగిరి

నా భార్య గ్రేస్ పోయాక ఇంట్లోలాగే చర్చి కౌన్సెలింగ్ గదిలోనూ నేనొక్కడినే. ఇవాళ సునీత వచ్చింది. తప్పంతా నీదేనంటూ భర్త ఏళ్లపాటు ఆమెను నలిపేశాడు. చివరికి పుట్టింటికి వచ్చేసింది. మొన్న ఆదివారం అతను దేవుడు తనను మార్చాడని చర్చిలో సాక్ష్యం చెప్పి ఏడిస్తే అందరూ ఆమెన్ అన్నారు. ఇక క్షమించి కాపురానికి వెళ్లమని సంఘ పెద్దల ఒత్తిడి.

"ఆయన మైక్ పట్టుకుంటే చర్చంతా ఏడుస్తది అంకుల్. ఇంట్ల ఎట్లుంటడో నాకు తెలుసు. నా మాట ఎవరు నమ్ముతరు?"

"నేను నమ్ముతా. నువ్వు చెప్పింది సుత సాక్ష్యమే."

"మరి క్షమించకుంటే పాపం కదా?"

"క్షమించమ్మా. ఇంటి తాళంచెవి మాత్రం ఇవ్వకు."

ఫక్కున నవ్వింది. "ఇది గ్రేస్ ఆంటీ మాట. మీకు ఇంత తెలివి యాడిది?"

నిజమే.

సునీత కాపురానికి వెళ్లడం లేదు. పెద్దలతో రేపు నేనే మాట్లాడతాను. ఒప్పించగలను.

చివర్లో ప్రార్థన ఎప్పుడూ గ్రేసే చేసేది. ఇవాళ సునీతే చేసింది. భర్త మారాలని కాకుండా తనకు ధైర్యం కావాలని అడగడం ఇదే మొదలు.

ఆమెన్ అన్నది నేనొక్కడినే. గట్టిగానే అన్నాను.