మూడు రోజుల చలి ట్రిప్పు, ఒక నువ్వుగింజ

డిసెంబరు 1

ఈ డైరీ కంటిచుక్కల కంపెనీ వాళ్ళు ఎప్పుడో మా కళ్ళద్దాల షాపులో పంచిపెట్టినది. ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంది. రాయడానికి నా దగ్గర ఏమన్నా ఉంటే, అది అప్పటికే ఎవరికో చెప్పేసి ఉంటాను.

ఈరోజు నుంచి చెప్పకూడనిది ఒకటుంది. అందుకే రాస్తున్నాను.

తీర్మానం: మా ఆవిడని మూడు రోజులు పెద్ద నగరానికి తీసుకెళ్తాను. ఈ నెల 19, 20, 21. రైలు కదిలేదాకా ఆమెకి తెలియకూడదు. ఆమెకే కాదు, చీమకి కూడా తెలియకూడదు.

మా ఆవిడ గీజర్లు రిపేరు చేస్తుంది. ఊళ్ళో చలి మొదలైందంటే మనిషే ఇంట్లో కనిపించదు. పెళ్ళయి పన్నెండేళ్ళు. చలికాలంలో ఒక్క ట్రిప్పు లేదు. ఎండాకాలంలో వెళ్తాం, ఇంట్లో పట్టే చెమటే వేరే ఊళ్ళో పట్టించుకుని వస్తాం. ఒకసారి అంది: "చలికాలంలో ఒక్కరోజైనా ఇంకెవరో కాచిన నీళ్ళతో స్నానం చెయ్యాలండీ." మా ఇంటి గీజరు మూడేళ్ళుగా పనిచెయ్యదు. ఊరి గీజర్లయ్యాక మనది చూస్తానంటుంది. ఊరి గీజర్లు అయ్యేదెప్పుడు?

ఇది పైకి చెప్పుకునే కారణం. అసలుది వేరే ఉంది. కిందటి నెల ఆమె నిచ్చెన మీంచి జారింది. నడుం పట్టేసింది. నాతో అనలేదు. నాలుగు రోజుల తర్వాత అత్తయ్య ఫోన్ చేసి, "నడుం ఎలా ఉంది?" అంటే, "ఎవరి నడుం?" అన్నాను.

ఎందుకు చెప్పలేదని అడిగాను. మా ఆవిడ కోప్పడలేదు. "మీ నోట్లో నువ్వుగింజ నానదు. మీకు చెబితే సాయంత్రానికల్లా నా కస్టమర్లకి తెలుస్తుంది. నడుం పట్టేసిన మెకానిక్కుని ఎవరు పిలుస్తారు?" అంది.

అందులో అబద్ధం లేదు. అందుకే ఎక్కువ బాధేసింది. ఈ ఒక్క రహస్యం దాచి చూపిస్తే, రేపు ఏదన్నా అయితే నాకు ముందు చెబుతుంది. నాకు కావలసింది అదే.

డిసెంబరు 4

రైలు టికెట్లు అయ్యాయి. కిటికీ పక్క సీటు ఆమెకి. హోటలుకి ఫోన్ చేసి వేడినీళ్ళు ఎప్పుడూ వస్తాయా అని అడిగాను. "ఎంత కావాలంటే అంత సార్" అన్నాడు. గీజరు ఏ కంపెనీదని కూడా అడిగాను. అతను ఫోన్ మేనేజరుకి ఇచ్చేశాడు.

మా కంటి డాక్టరమ్మని సెలవు అడిగాను. ఎందుకంటే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ మా షాపు యజమాని, సెలవిచ్చే మనిషి. ఆవిడకి చెప్పడం చెప్పడం కాదు, దరఖాస్తు.

మిగతా ప్రపంచంలో ఎవరికీ తెలియదు. భోజనం దగ్గర మా ఆవిడ, "ఏంటి, ఇవాళ ఏమీ మాట్లాడట్లేదు? ఒంట్లో బాలేదా?" అంది. లోపల్లోపల మురిసిపోయాను.

డిసెంబరు 6

షాపుకి ఒక పెద్దాయన వచ్చాడు. రిటైరైన లెక్కల మాస్టారు. కళ్ళలో చుక్కలేసి అరగంట కూర్చోబెట్టాలి. పక్కన నేనొక్కణ్ణే. ఎంతసేపని ఫ్రేములు తుడుస్తాను? చెప్పేశాను. హోటలు, కిటికీ సీటు, రాత్రి దీపాలు పెట్టే వంతెన మీద నడక, అన్నీ.

ఇది లెక్కలోకి రాదు. చుక్కలేసిన కళ్ళకి నేను మసకగా ఉంటాను. చెప్పింది ఎవరో ఆయనకి తెలియదు.

డిసెంబరు 8

నగరంలో చలి ఎముకలు కొరికేస్తుందట. ఆమెకి ఉన్నికోటు కొనాలి. షాపువాడు సైజెంత అన్నాడు. నా భార్య రెండు కంటిపాపల మధ్య దూరం అరవై రెండు మిల్లీమీటర్లు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. భుజాల కొలత తెలియదు.

అత్తయ్యకి ఫోన్ చేశాను. మా అక్కకి కోటు కొంటున్నానని, తనదీ మీ అమ్మాయిదీ ఒకే సైజని చెప్పాను.

"మీ అక్కయ్యగారిలో మా అమ్మాయిలాంటి వాళ్ళు ఇద్దరు పడతారు కదా అల్లుడుగారూ" అంది అత్తయ్య.

దొరికిపోయాను. ఒట్టు వేయించుకుని చెప్పాను. అత్తయ్య ఇంటి మనిషే. రహస్యం ఇల్లు దాటలేదు.

డిసెంబరు 10

పెద్ద చిక్కు. ఆమె పనిముట్ల డబ్బా పక్కన వేలాడే క్యాలెండరు చూశాను. 19, 20, 21 తేదీల్లో ఏడు ఇళ్ళవాళ్ళకి వస్తానని రాసుకుంది. మాటిస్తే తప్పే మనిషి కాదు.

పానా బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆమెకి పని నేర్పింది ఆయనే. చేతిలో పానా లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆ మూడు రోజులు ఏడు ఇళ్ళూ చూడమన్నాను.

"చూస్తాలే. అమ్మాయికి చెప్పావా?"

"చెప్పకూడదు బాబాయ్. నీ నోరు కూడా జాగ్రత్త."

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "నువ్వా నాకు చెప్పేది" అన్నాడు.

డిసెంబరు 11

ఏడు ఇళ్ళకీ ఫోన్లు చేశాను. ఆమె రాదు, బాబాయ్ వస్తాడని చెప్పాలి. ఎందుకు రాదంటే? ట్రిప్పని చెబితే రహస్యం పోతుంది. మొదటి ఇంటావిడ గుచ్చి గుచ్చి అడిగింది. నోటికొచ్చింది అన్నాను: "ఆవిడకి ఒంట్లో కొంచెం నలతగా ఉందండీ." మిగతా ఆరిళ్ళకీ అదే.

ఏడుగురితో మాట్లాడి ట్రిప్పు గురించి ఒక్క ముక్క జారనివ్వలేదు. పన్నెండేళ్ళలో నాకిది రికార్డు. రాత్రి అన్నం ఒక ముద్ద ఎక్కువే తిన్నాను.

డిసెంబరు 13

మా ఆవిడ ఫోన్ మోగడం లేదు. చార్జింగ్ ఉందా అని రెండుసార్లు చూసుకుంది. నన్ను పక్కగదిలోంచి ఫోన్ చెయ్యమంది. చేశాను. మోగింది.

మధ్యాహ్నం షాపుకి వచ్చిన ఒకావిడ కళ్ళజోడు పెట్టుకుని, అద్దంలో చూసుకుంటూ అడిగింది: "మీ ఆవిడకి ఆపరేషనటగా. ఎలా ఉంది పాపం?"

నలత రెండు రోజుల్లో ఆపరేషన్ దాకా వెళ్ళింది. కాదని చెబితే మరి ఏంటని అడుగుతుంది. "మెరుగేనండీ" అన్నాను.

కంగారు లేదు. ఆరు రోజులే ఉంది. నగరంలో ఆ వంతెన మీద నిలబెట్టి అన్నీ చెప్పేస్తాను, ఇద్దరం నవ్వుకుంటాం.

డిసెంబరు 14

నవ్వుకునేలా లేదు.

సాయంత్రం ఐదింటికే ఇంట్లో ఉంది. చలికాలంలో ఐదింటికి నేను ఆమెని ఇంట్లో చూడటం ఇదే మొదలు. వాషర్లన్నీ నేలమీద పోసి సైజులవారీగా ఏరుతోంది. ఏరినవాటిని మళ్ళీ కలిపేసి మళ్ళీ ఏరింది.

నేను వంటింట్లో ఉండగా అత్తయ్యతో ఫోన్లో అంటోంది: "19న వస్తానన్న ఇళ్ళతో సహా ఎవరికి ఫోన్ చేసినా 'తొందరేం లేదమ్మా, నువ్వు రెస్టు తీసుకో' అంటున్నారు. మర్యాదగా వద్దంటున్నారన్నమాట. నా పనిలో ఏదో తేడా వచ్చుంటుంది. ఆయనకి మాత్రం చెప్పకు."

ఆయనంటే నేనే. టీ పొంగి పొయ్యిమీద పడింది.

అత్తయ్య కూడా నిజం చెప్పలేదు. ఒట్టు వేయించింది నేనే కదా.

డిసెంబరు 15

పొద్దున్నే షాపు తలుపు తీసేసరికి పానా బాబాయ్ మెట్లమీద కూర్చుని ఉన్నాడు.

"అమ్మాయి నిన్న నా దగ్గరికొచ్చింది. మీ దగ్గర సహాయానికి మనిషి కావాలా అని అడిగింది. నా దగ్గర నేర్చుకుని నన్ను మించిపోయిన పిల్ల. నీకు మాటిచ్చానని నోరు కుట్టేసుకుని కూర్చున్నా. నిన్న రాత్రి అన్నం దిగలేదురా అబ్బాయ్. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

సాయంత్రం నేనే చెబుతానన్నాను. ఇంటికి వెళ్ళేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది. ఊరి చివర ఒక హాస్టల్లో ఎనభై గీజర్లు ఉన్నాయట. మూడు రోజుల పని. 19, 20, 21.

"అక్కడ నేనెవరో తెలియదు. అందుకే పిలిచారేమో" అంది నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఇక ఆగలేకపోయాను.

చెప్పేశాను. టికెట్లు, కోటు, ఏడు ఫోన్లు, నలత, ఊరు దాన్ని చేసిన ఆపరేషన్.

పనిముట్ల డబ్బా మూత వేసింది. తర్వాత, "ఏం ఆపరేషనంట నాకు?" అంది.

"నేను పేరు పెట్టలేదు. వాళ్ళే పెట్టుకున్నారు."

"ఉన్న నడుం నొప్పి చెబితే కస్టమర్లు పోతారని మీకు చెప్పలేదు. లేని జబ్బుకి పోయారు."

టికెట్లు తీసి ఆమె ముందు పెట్టాను.

"ట్రిప్పు సంగతి ఎవరెవరికి తెలుసు?"

డాక్టరమ్మ, అత్తయ్య, బాబాయ్, లెక్కల మాస్టారు, కోటు షాపువాడు, షాపుకి అద్దాలు తెచ్చే అతను. (అతని గురించి ఇందులో రాయలేదు. సిగ్గేసింది.)

"అంటే నాకొక్కదానికే తెలియదు."

"అదే కదా సర్‌ప్రైజ్" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

లేచి, కోటు ఎక్కడుందో చూపించమంది. వేసుకుంది. చేతులు కురచ. అత్తయ్య చెప్పింది పెళ్ళినాటి కొలత. విప్పకుండానే, "హాస్టల్‌కి మాటిచ్చాను. ట్రిప్పు లేదు" అని లోపలికి వెళ్ళిపోయింది. కోప్పడుంటే తేలిగ్గా ఉండేది.

డిసెంబరు 16

టికెట్లు రద్దు. ఏడిళ్ళకీ మళ్ళీ ఫోన్లు. ఆవిడకి ఏ జబ్బూ లేదు, అబద్ధమాడింది నేను, 22 నుంచి ఆవిడే వస్తుందని చెప్పాను. నలుగురు తిట్టారు. ఇద్దరు నమ్మలేదు, ధైర్యంగా ఉండమన్నారు. ఒకావిడ, "ఇంత త్వరగా కోలుకుందంటే గట్టి మనిషే" అంది.

డిసెంబరు 19

సెలవు ఎలాగూ ఉంది. డబ్బా మోస్తానని హాస్టల్‌కి వెంట వెళ్ళాను. వద్దనలేదు. రమ్మనీ అనలేదు.

మా రైలు కదిలే వేళకి నేను మూడో అంతస్తు బాత్రూంలో టార్చి పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆమె కోటు వేసుకుని నిచ్చెన మీద ఉంది. "చేతులు కురచైతే పనికి బాగుంది" అంది. నాలుగు రోజుల్లో నాతో అన్న మొదటి పెద్ద వాక్యం.

డిసెంబరు 21

ఎనభయ్యో గీజరు చీకటిపడ్డాక అయింది. ఇంటికి వచ్చేసరికి ఆమె వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి. మా ఇంట్లో పంపు తిప్పితే మంచుముక్కలే.

రెండు పెద్ద గిన్నెలు పొయ్యిమీద పెట్టాను. కాగాక బాత్రూంకి మోశాను. నాలుగు సార్లు తిరిగాను, దారంతా ఒలకబోశాను. చాలాసేపు స్నానం చేసింది. బయటికొచ్చి, "చివరి గిన్నె సరిగ్గా కాగలేదు" అంది. తల తుడుచుకుంటూ ఆగింది. "కానీ ఇంకెవరో కాచిన నీళ్ళే."

తర్వాత వచ్చి నా పక్కన కూర్చుంది. ఒక సంగతి చెప్పింది. అత్తయ్యకి ఇంకా చెప్పలేదట. బాబాయ్‌కి తెలియదట. నాకే ముందు.

"ఎందుకు నాకు?" అన్నాను.

"రెండు వారాలు నా ముందు నోరు మూసుకున్నారుగా. చేతకాదనుకున్నాను. ఇకనుంచి నా ముందు కాదు, ఊరి ముందు మూసుకోండి."

డిసెంబరు 22

కొత్త తీర్మానం. మొదటి రోజు.

జనవరిలో మళ్ళీ టికెట్లు తీస్తున్నాను. కిటికీ సీటు ఎవరిదో ఇద్దరం కలిసే తేల్చుకుంటాం. ట్రిప్పు ఊరంతా తెలిసినా ఫరవాలేదు. నిన్న ఆమె చెప్పిందే ఎవరికీ తెలియకూడదు.

లెక్కల మాస్టారు కొత్త కళ్ళజోడు కోసం వచ్చారు. పెట్టుకుని నన్ను తేరిపార చూశారు. "ఆ రోజు వంతెన గురించి చెప్పింది మీరే కదూ? గొంతు గుర్తుంది. ఏమైంది ట్రిప్పు? ఏంటి విశేషాలు?"

కుర్చీలో స్థిరంగా కూర్చున్నారు. షాపులో ఇంకెవరూ లేరు. ముక్కు మీద ఫ్రేము సరిచేస్తూ ఐదు నిమిషాలు ఆయనకి ఎదురుగా నిలబడ్డాను.

"చలి బాగా ఎక్కువగా ఉందండీ ఈ ఏడాది" అన్నాను.

ఇంటికొచ్చి డైరీ తెరిచాను. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

నీకూ చెప్పను.