రెబెకమ్మ పెద్దమ్మ దొడ్లో బొండాలు

దోమతెర కట్టుకునే పడుకుంటున్నానక్కా, నాకేం కాలేదు. అవ్వ బాగుంది, మోకాలి నొప్పి ఒకటే. నాయన బాగున్నాడు. ఏ.ఎస్.పేటలో ఒకటే వానలు, అయినా దర్గా దగ్గర మన కొబ్బరి బొండాల బండికి గిరాకీ తగ్గలేదు. నెల్లూరు ఆస్పత్రిలో నర్సుగా చేరాక నువ్వు చిక్కిపోయావని అవ్వ అంటోంది. వేళకి తింటున్నావా? ఫోన్ చేస్తే నాకు మాట రాదు కదా, అందుకే టైపు చేస్తున్నా.

మొన్న నువ్వు అడిగినవన్నీ చేశాను. ప్రతి శుక్రవారం డ్రమ్ములు వంచేసి, పీచుతో అడుగు దాకా రుద్ది, ఆరబెట్టాకే నీళ్ళు పడుతున్నాం. ఫ్రిజ్ వెనక ట్రే ఉంటుందని నువ్వు చెప్పేదాకా తెలీదు, అందులో నీళ్ళు పారబోశాను. అవ్వ సాయంత్రం వేపాకు పొగ వేస్తే దోమల కంటే ముందు నాయన బయటికి పోతున్నాడు.

"దోమలు పోతాయో లేదో గానీ నన్ను మాత్రం తరిమేస్తా ఉండావే మా."

"నువ్వు గూడా నా రగతం తాగినోడివే గదరా, పో."

ఖాళీ బొండాల సంగతి మాత్రం నువ్వు అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకే తెలీదు.

లేత కొబ్బరి కోసం రెండుగా పగలగొట్టిన చెక్కల్ని అవ్వ పొయ్యిలోకి ఎండబెడుతుంది కదా. వాటిని బోర్లా వెయ్యడం నా పని. పోయిన నెల వానల్లో వెయ్యలేదక్కా. బండి దగ్గర్నుంచి వచ్చి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నా. ఒకరోజు చూస్తే ప్రతి చెక్కలో నీళ్ళు, నీళ్ళలో సన్న పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. మర్నాడే శుక్రవారం. ఆశా వర్కర్ సుకుమారక్క ఇల్లిల్లూ చూస్తుంది. పురుగులు కనపడితే ఇంటోళ్ళని నిలబెట్టి ఫోటో తీసి ఊరి గ్రూపులో పెడుతుంది.

ఆమె వచ్చేలోపు అన్నీ రెండు గోతాల్లో ఎత్తి, గోడ మీద నుంచి పక్కింటి రెబెకమ్మ పెద్దమ్మ దొడ్లోకి గుమ్మరించాను. బాత్రూం వెనక, ఎవరూ పోని చోట. ఎత్తేటప్పుడు నీళ్ళు ఒలికిపోయాయి, ఇంక పురుగులు ఉండవులే అనుకున్నా. గుడ్లు చెక్కలకే అంటుకుని ఉంటాయంట, మళ్ళీ నీళ్ళు తగిలితే చాలంట. సుకుమారక్క తర్వాత చెప్పింది. రేపు తెచ్చేద్దాం, ఎల్లుండి తెచ్చేద్దాం అనుకుంటూ ఉంటే వారమంతా వాన కురిసింది.

ఆ శుక్రవారం ఆమె మన దొడ్డి ఫోటో తీసి, 'ఇల్లంటే ఇట్టా పెట్టుకోవాల' అని గ్రూపులో పెట్టింది. నువ్వు కూడా దానికి చప్పట్లు పెట్టావు.

లిఖిత నీకు తెలుసు కదా, పెద్దమ్మ మనవరాలు, ఒకటో తరగతి. డెంగీ అక్కా. సోమవారం నుంచి మీ ఆస్పత్రిలోనే, పిల్లల వార్డులో ఉంది.

మంగళవారం సుకుమారక్క వాళ్ళ దొడ్డంతా వెతికింది. నేను గోడకి ఇవతల ఉన్నా.

"ఏంది పెద్దమ్మా ఇది? ఇన్ని బొండాలు తాగి ఈడ పారేస్తారా? బిడ్డ పాణం మీదికి తెచ్చినారే!"

"మేము బొండాలు కొనుక్కుని తాగే మొగాలా తల్లీ? దర్గాకి వచ్చినోళ్ళు ఎవురో ఇసిరేసుంటారు."

అవి నేనే పారేశానని చెబుదామనే అనుకున్నా. కాసేపటికి ధైర్యం చేసి, నేనే ఎత్తేస్తానని గోడ దూకితే, అప్పటికే పంచాయితీ ట్రాక్టర్ వాటిని తీసుకుపోయింది. నేను ఎత్తడానికి ఒక్క చెక్క కూడా మిగల్లేదక్కా. పొగ మిషన్ కూడా వచ్చిపోయింది. అయినా చెవి దగ్గర దోమ పాడితే, ఇది ఆ చెక్కల్లో పుట్టిందేనేమో అనిపిస్తోంది.

పెద్దమ్మ రోజూ పొద్దున ఆత్మకూరు మీదుగా నెల్లూరు బస్సు ఎక్కేముందు మన బండి దగ్గరికి వస్తోంది. డాక్టరు కొబ్బరి నీళ్ళు తాగించమన్నాడంట. నాయన డబ్బు తీసుకోవడం లేదు. "నీళ్ళు బాగా ఉండేటివి చూసి కొట్టియ్యిరా" అని నాకే చెప్తాడు. నేను ఏరి, తట్టి చూసి ఇస్తున్నా.

నిన్న ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. "ఇంగేం పెట్టినా కక్కుతా ఉండాది నాయనా. నీ చేతి నీళ్ళే దిగతా ఉండాయి. ఆ ప్రభువు నిన్ను సల్లగా సూడాల" అంది. నేను కత్తి వైపే చూస్తూ నిలబడ్డా.

నాయనకి చెప్పలేదు. కొడతాడని కాదు, ఇంక ఆమె ముఖం చూడలేడు. నువ్వు ఒక్కసారి ఆ వార్డుకి పోయి పాపని చూసి రా. ప్లేట్‌లెట్లు ఎంత ఉన్నాయో పెద్దమ్మకి తెలీడం లేదు, అడిగితే ఏడుస్తోంది.

ఇట్లు,
గోడకి ఇవతలే నిలబడిపోయిన నీ తమ్ముడు,
పెంచలప్రసాద్

అక్కా, రేపు పొద్దున కూడా ఆమె వస్తుంది. నిజం చెప్పేస్తే, ఇంక నా చేతి నీళ్ళు ఆ పాపకి తాగిస్తుందా?