సింకు ఎత్తు

చిట్టితల్లికి నాన్న దీవెనలు. నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, బెంగపడకు.

కొత్త వంటింటికి సింకు కొన్నాను. రెండు తొట్లది తీసుకోమని షాపాయన ప్రాణం తీశాడు. మన పెద్ద గిన్నె వెంట తీసుకెళ్లి ఒక్కోదాంట్లో దించి చూశాను. లోతైన ఒంటి తొట్టిలోనే అది సులువుగా తిరిగింది. అదే తెచ్చాను.

తాపీమేస్త్రి గట్టు కట్టబోతూ, "కడిగేవాళ్ల మోచెయ్యి ఎక్కడికొస్తుందండీ? దానికి బెత్తెడు కిందగా పెడితే నడుం నొప్పి రాదు" అన్నాడు. నేను ఆలోచించకుండా నా బెల్టు దగ్గర చెయ్యి పెట్టి, "ఇదిగో, ఇక్కడికి" అన్నాను. అతను గోడ మీద గీత గీసుకుని కట్టేశాడు.

నిన్న మొదటిసారి అంట్లు తోమితే నడుం పట్టేసింది. నేను చూపించింది మీ అమ్మ మోచెయ్యి అని అప్పుడు తెలిసింది. తను పోయి ఏడాది దాటినా నా చెయ్యి అక్కడికే పోయింది. "ఒక్కపూట పనండీ, పగలగొట్టి ఎత్తు పెంచేస్తా" అన్నాడు మేస్త్రి. వద్దన్నాను.

పిన్నికి దగ్గు తగ్గిందా? మందు మానెయ్యనివ్వకు. నీ పాత స్వెట్టరు బిగుతైందని రాశావు, కొత్తది కొనుక్కో. పరీక్షలని నిద్ర మానుకోకు.

సెలవులకి వచ్చినప్పుడు ఒక్కసారి ఆ సింకు ముందు నిలబడమ్మా. అంట్లు నేనే తోముకుంటాను, నీకా పని పెట్టను. నీ మోచెయ్యి ఎక్కడిదాకా వచ్చిందో చూడాలని ఉంది. అందాకా వంగే తోముకుంటాను.

మీ నాన్న