ఏడాది గడువు

1853 ఏప్రిల్ 11, సోమవారం
గుర్రం దిగేసరికి నడుము పట్టేసింది. జడ్జిగా ఊరూరా తిరిగి కోర్టు నడిపే ఈ సర్క్యూట్‌లో నాకిది నాలుగో ఊరు. ఇక్కడ సత్రం లేదు. కోర్టు వచ్చినప్పుడల్లా జడ్జికీ లాయర్లకీ విడిది కెజియా ప్రూయిట్ ఇంట్లోనే. ఆమె భర్త మొన్న చలికాలంలో పోయాడట. నాకు తెలియదు. ఆయన ఎక్కడ అని అడిగి నాలిక కరుచుకున్నాను.

ఏప్రిల్ 12
రేపటి జాబితాలో మూడో కేసు ప్రూయిట్ వర్సెస్ ట్రాస్క్. ఆంబ్రోస్ ట్రాస్క్ పిండిమిల్లు కోసం ఏటి మీద ఆనకట్ట ఎత్తు పెంచాడు. ఎగువనున్న కెజియా మొక్కజొన్న పొలం మునిగింది. ఆమెకున్నది ఆ పొలమే. రాత్రి భోజనానికి ట్రాస్క్ లాయరు మా బల్ల దగ్గరే కూర్చుని, ఇంకో రొట్టె ముక్క వెయ్యమ్మా అని కెజియానే అడిగాడు. వేసింది.

ఏప్రిల్ 13
ఆనకట్టవల్ల నష్టపోయినవాళ్ళు ఏడాదిలోగా దావా వెయ్యాలి. ఆమె పదమూడో నెలలో వేసింది. మా ఆయన మంచం పట్టి ఉంటే వదిలేసి ఎలా రాను అంది. ట్రాస్క్ లాయరు చట్టం చదివి, ఇది తమరి చలవే కదా సార్ అన్నాడు.
నిజమే. పన్నెండేళ్ళ క్రితం రాష్ట్ర సెనేట్‌లో సభ్యుడిగా ఉన్నప్పుడు ఈ చట్టం నేనే రాశాను. మిల్లులవాళ్ళు మూడు నెలలు చాలన్నారు, రైతులు అయిదేళ్ళు అడిగారు. నాకేమో ఆకలి. ఏడాది అని రాసేసి భోజనానికి పోయాను.

ఏప్రిల్ 14
దావా కొట్టేశాను. రాసినవాడే చట్టం తప్పితే ఎలా అనుకున్నాను. అయినా సిగ్గేసింది.
సాయంత్రం ఆమే వడ్డించింది. ఏడాది అని రాసినప్పుడు ఎవర్ని తలుచుకుని రాశారు జడ్జి గారూ అని అడిగింది. ఎవర్నీ తలుచుకోలేదమ్మా అన్నాను. అదే అనుకున్నాను, చల్లారిపోతుంది తినండి అంది.

మే 2
గడువు పెంచమని సెనేట్‌లో పాత మిత్రుడికి ఉత్తరం రాశాను. పెంచినా కెజియాకి పనికిరాదు.

మే 30
చూద్దాంలే అని జవాబు. అక్కడున్నప్పుడు నేనూ అదే మాట అనేవాణ్ణి.

సెప్టెంబర్ 26, సోమవారం
మళ్ళీ ఆ ఊరు. కెజియా ఇల్లు వదిలేసి ఒహాయోలో అక్క దగ్గరికి వెళ్ళిపోయిందట. ఈసారి మా విడిది ట్రాస్క్ ఇంట్లో. నా గది కిటికీ తెరిస్తే ఆమె పొలం. నిండా నీళ్ళు.
ట్రాస్క్ మిల్లు పిండి రొట్టె మెత్తగా ఉంది. రెండు తిన్నాను.